విశాఖలో ఉచిత చరిత్ర ప్రసంగాలు: ఒక రచయిత, ఒక చిన్న అంశం చాలు

ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా కాలనీ సంఘం, పక్కనున్న చిన్న లైబ్రరీ కలిసి నెలకోసారి చరిత్ర పుస్తకాలు రాసినవాళ్లతో ఉచితంగా మాట్లాడిద్దామనుకుంటున్నాం. కొన్ని విశాఖ చరిత్ర మీద, కొన్ని దేశ చరిత్ర మీద. రచయితలు పిలిస్తే వస్తారా? ఎంత ఇవ్వాలి? ఈ రోజుల్లో జనం వస్తారా? చరిత్ర అనగానే గొడవలు కదా, అవెలా సర్దుకోవాలి?"

ఈ ఊళ్లో ఇలాంటి సభలకి కుర్చీలు వేయడం దగ్గర్నుంచి వక్తని రైలెక్కించడం దాకా అన్ని పనులూ చేసినవాణ్ణి. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు జనం సంగతి. జనం రారని మీరు టెన్షన్ పడక్కర్లేదు, మొదటిసారి వస్తారు. రెండోసారి రాకుండా చేసేది మన సభల పద్ధతే. సాయంత్రం ఆరింటికి అని కార్డు వేస్తాం, ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడుకి పది నిమిషాలు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అధ్యక్షుల వారి తొలి పలుకులు, ఆత్మీయ అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి. ప్రతి ఒక్కరూ "నేను ఎక్కువ సమయం తీసుకోను" అని మొదలుపెట్టి పావుగంట తీసుకుంటారు. మధ్యలో శాలువాలు, మెమెంటోలు, ఫొటో కోసం అందరూ ఒక పక్కకి జరగడం. అసలు రచయిత చేతికి మైకు వచ్చేది ఎనిమిదింపావుకి. అప్పటికి గాజువాక, పెందుర్తి వెళ్లాల్సినవాళ్లు బస్సు కోసం లేచిపోయి ఉంటారు. "సమయాభావం వల్ల రెండు ముక్కల్లో ముగించండి" అని అధ్యక్షుల వారే చీటీ పంపుతారు. ఐదేళ్లు కష్టపడి పుస్తకం రాసిన మనిషి పదిహేను నిమిషాలు మాట్లాడి దిగిపోతాడు. ఇలాంటి సభలు మన ఊళ్లో ఎన్ని చూశానో లెక్కలేదు.

కాబట్టి నా మొదటి సలహా: సభ పెట్టకండి, ప్రసంగం పెట్టండి. వేదిక మీద రెండే కుర్చీలు. పరిచయం చేసే మనిషి పుస్తకం చదివి ఉండాలి, మూడు నిమిషాల్లో ముగించాలి. రచయితకి నలభై, నలభై ఐదు నిమిషాలు. ఆ తర్వాత దాదాపు అంతే సమయం ప్రశ్నలకి. చెప్పిన టైముకి ఆరుగురే ఉన్నా మొదలుపెట్టండి. మొదటి రెండు నెలలు ఆలస్యంగా వచ్చినవాళ్లు గొణుక్కుంటారు, మూడో నెల నుంచి టైముకి వస్తారు. శాలువా డబ్బులతో ఆ రచయిత పుస్తకం రెండు కాపీలు కొని లైబ్రరీలో పెట్టండి. ఏ రచయితా దీనికి నొచ్చుకోడు. నొచ్చుకునేది కాలనీ సంఘం ప్రెసిడెంటు గారే. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, మొదటి ప్రశ్న ఆయనతోనే అడిగించండి. ఆ ఒక్క మర్యాదతో చాలా సమస్యలు తీరిపోతాయి.

రెండోది, దీని మీదే ఎక్కువ చెప్పాలి, అంశం. "విశాఖ చరిత్ర: ఒక పరిశీలన" అని పోస్టర్ వేస్తే వక్త బావికొండ బౌద్ధుల దగ్గర మొదలుపెట్టి ఉక్కు ఫ్యాక్టరీ దాకా రెండు వేల ఏళ్లు పరిగెత్తాలి. విన్నవాళ్లకి ఏదీ మిగలదు. అంశం ఎంత చిన్నదైతే ప్రసంగం అంత బాగుంటుంది. ఒక తేదీ, ఒక వీధి, ఒక శాసనం, ఒక కేసు, ఒక భవనం.

ఒక తేదీనే తీసుకుందాం: 1942 ఏప్రిల్ 6. ముందు రోజు ఈస్టర్ ఆదివారం, జపాన్ వాళ్లు కొలంబో మీద దాడి చేశారు. మర్నాడు ర్యూజో అనే విమాన వాహక నౌక మీంచి లేచిన విమానాలు మన రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. హార్బర్ తెరిచి అప్పటికి పట్టుమని తొమ్మిదేళ్లు కాలేదు. ఆ రోజు పేలని బాంబొకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. రోజూ దాని పక్కనుంచి నడిచే వాళ్లలో చాలామందికి అదేమిటో తెలియదు. జరిగిన నష్టం కన్నా పుట్టిన భయం పెద్దది. ఊరు సగం ఖాళీ అయింది. యుద్ధకాలంలో ఆంధ్రా యూనివర్సిటీయే గుంటూరు తరలిపోయింది. అదే నెలలో మద్రాసులో కూడా జనం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. చూడండి, ఒక్క రోజు మీద మాట్లాడితే రేవు కథ వస్తుంది, యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం తీరు వస్తుంది, సెన్సార్ ఉన్నప్పుడు పుకార్లు ఎలా పాకుతాయో వస్తుంది, రెండో ప్రపంచ యుద్ధం మన ఇంటి గుమ్మం దాకా వచ్చిన సంగతి వస్తుంది. ఇది స్థానిక చరిత్రా, దేశ చరిత్రా అని విడదీసి చెప్పడం కుదరదు.

ఇలాంటి అంశం పెట్టినప్పుడు హాల్లో ఇంకో సంగతి జరుగుతుంది. వినడానికి వచ్చినవాళ్లు తమ దగ్గరున్నది బయటికి తీస్తారు. బాంబుల మీద మాట్లాడిన ఒక సాయంత్రం, వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, వాళ్లమ్మ చెప్పిన కథ చెప్పారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే దించకుండా తలుపుకి తాళం వేసి, ఎడ్లబండి కట్టించుకుని చోడవరం వెళ్లిపోయారట. మూడు నెలల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఆ గిన్నె పొయ్యి మీదే ఉందట, మాడి నల్లగా. వక్త తన నోట్సు పక్కన పెట్టి ఆవిడ చెప్పింది రాసుకున్నాడు. అందుకే ప్రశ్నల సమయం తగ్గించకండి అంటున్నా. అలాగే పోస్టర్‌లోనే ఒక లైను వేయండి: "ఈ విషయం మీద మీ ఇంట్లో పాత ఫొటో, ఉత్తరం, కాగితం ఏదైనా ఉంటే తీసుకురండి." అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకుని, కాగితం మాత్రం వాళ్లకే తిరిగిచ్చేయాలి. "స్కాన్ చేసి పంపుతాం" అని ఒరిజినల్ ఉంచేసుకోవడం ఎప్పుడూ వద్దు.

దేశ చరిత్ర అంటే ఢిల్లీ నుంచి ఎవరినో తేవాలనుకోకండి. మన ఊరి గుమ్మంలోంచే దేశమంతా కనిపిస్తుంది. 1780 అక్టోబర్ 3న విశాఖలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే ఎదురు తిరిగారు. 1857కి డెబ్బై ఏడేళ్ల ముందు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు విజయరామరాజు కంపెనీ సైన్యంతో తలపడి చనిపోయాడు. ఇప్పుడు అక్కడికి సిటీలోంచి బైక్ మీద వెళ్లి రావచ్చు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడని అందరికీ తెలుసు. మన్యంలో ముఠాదార్లు (కొండ గ్రామాల్లో పన్ను వసూలు చేసే స్థానిక పెద్దలు), అటవీ చట్టాలు, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టడం, ఈ సంగతులు వివరంగా చెప్పే ప్రసంగాలు మాత్రం తక్కువే. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది కదా. 1960లలో రంగూన్ నుంచి, అక్కడి వ్యాపారాలు జాతీయం చేశాక, ఉన్నదంతా వదిలేసి వచ్చిన కుటుంబాల కథ అది. పక్క వీధివాళ్లకే అది సరిగ్గా తెలియదు. సింహాచలంలో కృష్ణదేవరాయలు 1516లో వచ్చి ఏమేం సమర్పించాడో గుళ్లో శాసనమే చెబుతోంది. ఒక్క శాసనాన్ని తెర మీద పెట్టి వాక్యం వాక్యం చదివించే మనిషి దొరికితే గంట ఇట్టే గడిచిపోతుంది.

ఇక రచయితలు. మీరనుకున్నంత కష్టం లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాఖల్లో పనిచేసి రిటైరైన ప్రొఫెసర్లు ఊళ్లోనే ఉన్నారు. రిటైరైన నేవీ ఆఫీసర్లు రాసిన పుస్తకాలున్నాయి. జర్నలిస్టులున్నారు, వారసత్వ కట్టడాల మీద పనిచేసే ఇంటాక్ వాళ్లున్నారు. నాకు ఎక్కువ ఇష్టమైనవాళ్లు ఇంకోరకం: సొంత డబ్బుతో మూడొందల కాపీలు వేసుకున్న హైస్కూలు మాస్టార్లు, రిటైరైన తహసీల్దార్లు. తమ ఊరి మీద, తమ తాలూకా మీద రాస్తారు. వాళ్ల పుస్తకం ఏ షాపులోనూ దొరకదు, ఏ పేపర్లోనూ సమీక్ష రాదు. అందులో ఒక్కోసారి యూనివర్సిటీ పుస్తకాల్లో లేని సంగతులు ఉంటాయి. తప్పులూ ఉంటాయి, అందుకే ముందు చదివి పిలవాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో స్థానిక రచయితల పుస్తకాలు వెతికితే పేర్లు మీకే తెలుస్తాయి.

పిలిచే పద్ధతి గురించి ఒక మాట. "మా కాలనీలో చరిత్ర మీద మాట్లాడండి సార్" అని ఫోన్ చేస్తే ఆయన పాత ప్రసంగమే మళ్లీ చెప్పేసి వెళ్తారు. "మీ పుస్తకంలో మూడో అధ్యాయంలో కురుపాం మార్కెట్ గురించి రాశారు, దాని మీదే చెబుతారా? ఆ వివరాలు ఎక్కడ దొరికాయో కూడా చెప్పాలి" అని అడిగి చూడండి. పుస్తకం చదివినవాడు పిలుస్తున్నాడని తెలిసిన రచయిత డబ్బు సంగతి చివర్లో అడుగుతాడు, కొందరు అసలు అడగరు.

అడగకపోయినా ఇవ్వండి. వినేవాళ్లకి ఉచితమంటే రచయితకీ ఉచితమని కాదు. ఊళ్లోవాళ్లకి క్యాబ్ ఖర్చు, కవర్లో వెయ్యో రెండు వేలో. బయటి ఊరి వాళ్లకి రానూపోనూ టికెట్టు, ఒక పూట రూమ్, భోజనం. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లయితే ఆదివారం ఉదయం పదిన్నరకి పెట్టండి. రాత్రి రైల్లో తెల్లారేసరికి దిగుతారు, ప్రసంగం అయ్యాక మీలో ఎవరింట్లోనో భోంచేసి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. రెండో రాత్రి రూమ్ ఖర్చు ఉండదు. సాయంత్రం సభ పెడితే ఆ బండి మిస్సవుతుంది. ఆ భోజనం దగ్గర దొరికే కబుర్లు కొన్ని ప్రసంగం కన్నా బాగుంటాయి, అది వేరే సంగతి.

డబ్బెక్కడిది అంటే, పది కుటుంబాలు ఏడాదికి తలా కొంత వేసుకుంటే చాలు. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టండి, ఎవరినీ అడగకండి. రియల్ ఎస్టేట్ కంపెనీ వాళ్లు ఫ్లెక్సీ వేస్తామని, టిఫిన్ పెడతామని వస్తారు. వద్దనండి. పాత భవనం కూల్చివేత మీద ఎవరో మాట్లాడే రోజు తప్పకుండా వస్తుంది, ఆ రోజు ఇబ్బంది పడతారు. రాజకీయ నాయకులు శ్రోతలుగా వస్తే మాత్రం కాదనకండి, కుర్చీలో కూర్చుని వినమనండి. పుస్తకాలు రచయితే తెచ్చి అమ్ముకునేలా బల్ల వేయండి. షాపుకిచ్చే కమీషన్ ఆయనకే మిగులుతుంది, చదివేవాళ్లకి కొంత తగ్గించి ఇవ్వగలడు. చిల్లర, ఒక యూపీఐ స్టికర్ దగ్గర పెట్టండి. ఇది మీలో ఎవరో ఒకరు చూసుకోవాలి. రచయితను సంతకం చేయనివ్వాలి గాని చిల్లర లెక్కపెట్టనివ్వకూడదు.

హాలు విషయంలో మీ చిన్న లైబ్రరీయే బాగుంటుంది, యాభై కుర్చీలు పడితే చాలు. ఎక్కువమంది వస్తారనుకుంటే పౌర గ్రంథాలయం హాలు ఉంది, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర. కళాభారతి లాంటి పెద్ద ఆడిటోరియం జోలికి మొదట్లో వెళ్లకండి. అంత పెద్ద హాల్లో అరవై మంది కూర్చుంటే వక్తకే నీరసం వస్తుంది. ప్రభుత్వ శాఖా గ్రంథాలయం దగ్గర్లో ఉంటే మొహమాటం లేకుండా అడగండి. మనం కట్టే ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతోంది, కాబట్టి అది మన హాలే. మెట్లెక్కకుండా చేరుకోగలగాలి, బాత్‌రూమ్ తాళం ఎవరి దగ్గరుందో తెలిసుండాలి. వచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లే. మైకు సరిగ్గా లేకపోతే చివరి వరస మరుసటి నెల రాదు. ప్రశ్నలు అడిగేవాళ్లకి వేరే మైకు ఉండాలి. అది మన మనిషి చేతిలోనే ఉండాలి, ఇచ్చేయకూడదు. ఎందుకో ఒక్క సభ చేస్తే మీకే తెలుస్తుంది.

గొడవల సంగతి. వస్తాయి. వాటికి భయపడి చప్పటి అంశాలు పెట్టకండి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీనే తీసుకోండి. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మన తీరంలో మునిగిపోయింది. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ అప్పటికే ఇక్కడ లేదు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. మునగడానికి కారణం దగ్గరే తేడా. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల అని మన నేవీ చెప్పే మాట. అది సముద్రంలో పరిచిన మైన్ (మందుపాతర) దానికే తగిలింది, లేదా లోపలే పేలుడు జరిగింది అని పాకిస్తాన్ చెప్పే మాట. ప్రమాదమే కారణమని మన సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసినవాళ్లలోనూ అన్నవాళ్లున్నారు. విశాఖలో ఈ అంశం పెడితే హాల్లో సగం మంది నేవీ వాళ్లో, వాళ్ల కుటుంబాలో ఉంటారు. "ఆ రాత్రి కిటికీ అద్దాలు అదిరాయి, నేను ఇక్కడే ఉన్నాను" అని లేచేవాళ్లుంటారు.

అప్పుడు పనికొచ్చే నియమం ఒక్కటే, దాన్ని ప్రతి ప్రసంగం మొదట్లో చదివి వినిపించండి: ఏం చెప్పినా ఎలా తెలిసిందో చెప్పాలి. చూసినవాళ్లు "చూశాను" అనాలి, విన్నవాళ్లు "విన్నాను" అనాలి, చదివినవాళ్లు ఎక్కడ చదివారో చెప్పాలి. ఈ నియమం వక్తకీ వర్తిస్తుంది. దీంతో అరుపులు మూడొంతులు తగ్గుతాయి. అద్దాలు అదిరాయన్న మనిషి సాక్ష్యం విలువైనదే. పేలుడు జరిగిందని అది రుజువు చేస్తుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. ఇంత స్పష్టంగా విడదీసి చెప్పగల వక్తని ఇలాంటి అంశానికి పిలవాలి. వాట్సాప్ ఫార్వర్డ్ చదవడానికి లేచినవాళ్లని "ఇది రాసిందెవరండీ?" అని మర్యాదగా అడగండి. సాధారణంగా కూర్చుంటారు.

ఉక్కు ఉద్యమం అంశం ఇంకో రకం. 1966 నవంబర్ 1న ఇక్కడ జరిగిన కాల్పులు, అమృతరావు గారి నిరాహారదీక్ష, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన, ఇవన్నీ తేదీలతో సహా చెప్పేవాళ్లు దొరుకుతారు. అప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లు ఎమోషనల్ అవుతారు కూడా. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు వదిలినవాళ్ల సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంగా పోతుంది. నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఈ అంశం పెడితే వాళ్లలో ఒకరికి వక్త పక్కన కుర్చీ వేయండి. రెండే కుర్చీలన్న నియమాన్ని నేను సడలించేది ఇక్కడొక్కచోటే.

కులాల పుట్టుక, ఇంటిపేర్ల మూలం, ఫలానా రాజు ఏ కులం, ఈ మూడూ మొదటి ఏడాది పెట్టకండి. అవి చరిత్ర కాదని కాదు, వాటిని నిభాయించడానికి మీ శ్రోతలు మీకు అలవాటు పడి ఉండాలి.

రికార్డింగ్ చేయండి, వక్త అనుమతి ముందే వాట్సాప్‌లో తీసుకోండి. యూట్యూబ్‌లో పెడితే ప్రసంగం మాత్రమే పెట్టండి. ప్రశ్నలు అడిగినవాళ్ల ముఖాలు పెట్టాలంటే వాళ్లనీ అడగాలి. స్లయిడ్స్‌లో పాత ఫొటోలుంటే అవి ఎవరివో కింద రాయించండి. కాలేజీ పిల్లల్ని బస్సులో తోలుకొచ్చి అటెండెన్స్ కోసం కూర్చోబెట్టకండి. ఇష్టపడి వచ్చే నలుగురు చాలు. ఆ నలుగురికి ముందు నెలే పుస్తకం ఇచ్చి, చదివి రెండు ప్రశ్నలు తయారుచేసుకోమనండి. పెద్దవాళ్ల ప్రశ్నలు చాలాసార్లు ప్రశ్నలు కావు, ఉపన్యాసాలు. పిల్లలు నిజంగా అడుగుతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే నవంబర్ మంచిది. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. లైబ్రరీల వాళ్లూ, మ్యూజియం వాళ్లూ ఏదో ఒకటి చేయాలని చూస్తుంటారు, హాలు సులభంగా దొరుకుతుంది. కాకపోతే అక్టోబర్, నవంబర్ నెలలు మనకి తుఫాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్‌లోనే. అందుకని ఆ రెండు నెలలకీ ఊళ్లోని వక్తనే పెట్టుకోండి, వాయిదా పడినా టికెట్ డబ్బులు పోవు. బయటి ఊరి రచయితల్ని జనవరి చివర నుంచి మార్చి మధ్య దాకా పిలవండి. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, అప్పుడు రైల్లో సీటూ దొరకదు, ఊళ్లో జనమూ ఉండరు.